దీపం వెలగలేదా? తూము చూడండి!

రాజోలు దగ్గర ఓ ఇల్లు అనుకోండి. పెరట్లో కొబ్బరి చెట్లు, వరండాలో ధాన్యం బస్తాలు, వెనక గదిలో... విమానం! విమానమంతా కాదు లెండి, పైలట్ కూర్చునే ముందు భాగం మాత్రమే. ప్లైవుడ్ చెక్కకు బిగించిన నలభై స్విచ్చులు, నాలుగు గుండ్రటి మీటర్లు, ఒక పాత కుర్చీ, ఎదురుగా కంప్యూటర్ తెర. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి సెలవుల్లో సొంతంగా కట్టుకున్న కాక్‌పిట్ అది.

ఆ సాయంత్రం తెర మీద రన్‌వే కనిపిస్తోంది. అబ్బాయి మీట కిందికి లాగాడు. తెర మీది విమానం చక్రాలు దించింది. చక్రాలు దిగి బిగుసుకున్నాయని చెప్పడానికి చెక్క మీద మూడు ఆకుపచ్చ దీపాలు వెలగాలి. రెండే వెలిగాయి.

బల్బు పోయిందనుకుని మార్చాడు. వెలగలేదు. వైరు పీకి మరో చోట గుచ్చాడు. వెలగలేదు. ప్రోగ్రాములో రెండు వరుసలు మార్చాడు. చివరికి ఆ చిన్న ఎలక్ట్రానిక్ బోర్డునే తీసేసి కొత్తది పెట్టాడు. రాత్రి పదకొండు అయ్యేసరికి మిగతా రెండు దీపాలూ ఆరిపోయాయి. 'ఇంకెంత పోస్తావురా దీని మీద?' అని నాన్న కేక. పొద్దున్నే తాత వచ్చి ఆ వైర్ల చిక్కును చూసి ఒక్కటే అడిగాడు.

'ఒరేయ్, నీళ్లు ఎక్కడిదాకా వచ్చేయో చూసేవా?'

ఈ అబ్బాయి, ఈ తాత మన ఊహే. కానీ ఇలాంటి కాక్‌పిట్‌లు ఊహ కాదు. ప్రపంచమంతటా వేలమంది ఇళ్లలో, షెడ్లలో, మేడ మీది గదుల్లో కట్టుకుంటున్నారు. వాళ్లందరికీ ఏదో ఒక రాత్రి ఇలాంటి దీపం ఒకటి ఆరుతుంది. అప్పుడు ఏం చేయాలన్నదే అసలు చదువు. కాక్‌పిట్ కట్టడం దాని ముందు చిన్న పనే!

హార్మనీ పెట్టెలోంచి విమానం

ఇంట్లో విమానమా అని నవ్వకండి. అసలు విమాన సిమ్యులేటరే అలా పుట్టింది. అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్ అంటే మన హార్మనీకి పెద్దన్న లాంటిది. తిత్తుల్లోంచి వచ్చే గాలితోనే పలుకుతుంది. లింక్ ఆ తిత్తులనే ఒక చెక్క విమానం కింద అమర్చాడు. లోపల కూర్చున్నవాళ్లు కర్రను కదిపితే పెట్టె అటూ ఇటూ వాలేది. అలా 1929లో తొలి 'లింక్ ట్రైనర్' తయారైంది. మొదట్లో దాన్ని ఎక్కువగా కొన్నది వినోద ఉద్యానవనాల వాళ్లే.

1934లో కథ మారింది. అమెరికా సైన్యం తపాలా విమానాలు నడిపే బాధ్యత తీసుకుంది. మంచులో, చీకట్లో దారి కనపడక పైలట్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీటర్లను చూస్తూ విమానం నడపడం నేల మీదే నేర్పించాలని సైన్యానికి అప్పుడు అర్థమైంది. ఆరు లింక్ ట్రైనర్లు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి లక్షలమంది ఆ పెట్టెల్లో కూర్చుని నేర్చుకున్నారు.

మన దగ్గరా సిమ్యులేటర్లు కొత్తేం కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఏళ్ల తరబడి శిక్షణ పొందింది హైదరాబాద్‌లోని సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లోనే. అయితే అలాంటి యంత్రాల ఖరీదు కోట్లలో ఉంటుంది. ఇంట్లో కట్టుకునేవాళ్లకు దారి తెరిచింది 2005లో ఇటలీలోని ఇవ్రెయా అనే ఊళ్లో పుట్టిన ఆర్డుయినో బోర్డు. అరచేతిలో ఇమిడే ఈ బోర్డు మీద ఒక మైక్రోకంట్రోలర్ ఉంటుంది. అంటే ఒకే చిప్‌లో ఇమిడిన బుల్లి కంప్యూటర్ అన్నమాట. స్విచ్చు నొక్కామో లేదో చూసి కంప్యూటర్‌కు చెప్పడం, కంప్యూటర్ చెప్పినట్టు దీపం వెలిగించడం, ముల్లు తిప్పడం దాని పని. ఇందులో 'మెగా' అనే రకానికి స్విచ్చులు, దీపాలు కలుపుకునే కాళ్లు 54 ఉంటాయి. వీటినే పిన్నులంటారు. ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. బోర్డుకూ సిమ్యులేటర్‌కూ మధ్య మాట కలిపే మొబీఫ్లైట్ లాంటి ఉచిత ప్రోగ్రాములూ ఉన్నాయి.

ఒక్క బల్బు... వంద ప్రాణాలు

'దీపమే కదా, వెలక్కపోతే ఏం?' అనిపించవచ్చు. 1972 డిసెంబరు 29 రాత్రి మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ఆరిందీ ఇలాంటి దీపమే. ముందు చక్రానికి సంబంధించిన ఆకుపచ్చ దీపం వెలగలేదు. చక్రం దిగలేదా, దీపం పోయిందా? ఏదో తేల్చుకోవాలి. రెండు వేల అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌కు అప్పజెప్పి, అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఒకరు దాన్ని ఊడదీయబోయారు. ఒకరు చక్రాన్ని కళ్లతో చూడటానికి కింది అరలోకి దిగారు. ఈ హడావుడిలో ఎత్తును నిలబెట్టే ఆటోపైలట్ ఏర్పాటు విడిపోయింది. ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగుతూ దిగుతూ చిత్తడి నేలలో కూలింది. లోపలున్న 176 మందిలో దాదాపు వందమంది చనిపోయారు. తర్వాత దర్యాప్తులో తేలిందేమిటంటే... చక్రం చక్కగా దిగే ఉంది. పోయింది బల్బే!

ఇంట్లో కట్టుకున్న కాక్‌పిట్ కూలదు. ఎవరి ప్రాణమూ పోదు. కానీ అక్కడ పైలట్ల ముందున్న ప్రశ్నే ఇక్కడ అబ్బాయి ముందూ ఉంది. తప్పు చూపించే దీపానిదా, అది చూపించే వస్తువుదా? ఆ ప్రశ్నకు తొందరపడకుండా, మిగతా పని మరిచిపోకుండా, వరసగా జవాబు వెతకడం ఒక అలవాటు. అది నేర్చుకోవడానికి బల్బు పోయినా ఫరవాలేని ఇంటి గది కంటే మంచి చోటు ఏముంటుంది?

లొల్ల లాకుల దగ్గర ఆగండి

ఇప్పుడు తాత ప్రశ్నకు వద్దాం. రాజోలు వైపు పొలానికి నీరు రాలేదనుకోండి. రైతు ఏం చేస్తాడు? పొలంలో గునపం పట్టుకుని ఎక్కడపడితే అక్కడ తవ్వడు. నీటి దారి తెలుసు కాబట్టి ఆ దారి వెంట చూస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బొబ్బర్లంక మీదుగా ప్రధాన కాలువ. అక్కడి నుంచి లొల్ల లాకులు. ఆ తర్వాత గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటడం. ఆ పైన పిల్ల కాలువ, తూము, బోదె, చివరికి పొలం.

తెలివైనవాడు దారి మొదలు నుంచీ నడవడు, చివరి నుంచీ నడవడు. నడిమధ్యన అక్విడక్టు దగ్గర చూస్తాడు. అక్కడ నీరు నిండుగా పారుతోందా? అయితే లొల్ల నుంచి పైనంతా బాగున్నట్టే. తప్పు ఇవతలే ఉంది. అక్కడే ఎండిపోయిందా? అయితే తన తూము జోలికి పోనక్కర్లేదు, పైన చూడాలి. ఒక్క చూపుతో సగం దారి తేలిపోయింది. మిగిలిన సగంలో మళ్లీ మధ్యన చూడాలి.

ఈ సగం సగం లెక్క బలం ఎంతో తెలుసా? 64 అతుకులున్న వైరింగులో ఒక్క అతుకు ఊడిందనుకోండి. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే అదృష్టం బాగోకపోతే అరవై పైచిలుకు పరీక్షలు. సగం సగం చేసుకుంటూ పోతే ఆరు!

దీపానికీ ఇలాంటి దారే ఉంది. సిమ్యులేటర్ ప్రోగ్రాము, యూఎస్‌బీ వైరు, బోర్డు లోపలి ప్రోగ్రాము, బోర్డు పిన్ను, రెసిస్టరు, ఎల్‌ఈడీ దీపం, చివరికి గ్రౌండు. ఇందులో అక్విడక్టు లాంటిది పిన్ను. సిమ్యులేటర్‌లో చక్రాలు దించి, మల్టీమీటరు నల్ల తీగ గ్రౌండు మీద, ఎర్ర తీగ పిన్ను మీద పెట్టి చూడాలి. అయిదు వోల్టులు చూపించిందా? కంప్యూటర్, వైరు, ప్రోగ్రాము అన్నీ మంచివే. ఇక వాటిని ముట్టుకోవద్దు. సున్నా చూపించిందా? దీపాన్ని, రెసిస్టరును ముట్టుకోవద్దు. తప్పు పైన ఉంది. అబ్బాయి ఆ రాత్రి ముందే ఈ ఒక్క పరీక్ష చేసుంటే కొత్త బోర్డు కొనాల్సిన పని ఉండేది కాదు.

మురుగు కాలువ మరిచిపోతే...

కోనసీమ రైతుకు ఇంకో సంగతి చెప్పక్కర్లేదు. పొలానికి నీరు రావడం ఎంత ముఖ్యమో, పోవడమూ అంతే ముఖ్యం. మురుగు కాలువ పూడితే పంట మునుగుతుంది. విద్యుత్తుకు గ్రౌండు అలాంటిదే. వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి అది. ఆ దారి తెగితే పారడమే ఆగిపోతుంది. ఇంట్లో కట్టుకునే కాక్‌పిట్‌లలో చాలా తప్పులు వచ్చే దారిలో కాకుండా ఈ పోయే దారిలోనే దొరుకుతాయి.

దాన్ని పట్టుకోవడం తేలికే. దీపం రెండో కాలు గ్రౌండుకు కలిసుంటే, అక్కడ మీటరు సున్నా చూపించాలి. రెండు మూడు వోల్టులు చూపిస్తోందంటే నీరు పొలం దాకా వచ్చి నిలిచిపోయిందన్నమాట. గ్రౌండు అతుకు ఊడింది.

ముళ్లు తిప్పే సర్వో మోటార్లకు వేరే అడాప్టరుతో కరెంటు ఇచ్చినప్పుడు ఇదే పొరపాటు మరో రూపంలో వస్తుంది. అడాప్టరు గ్రౌండును బోర్డు గ్రౌండుతో కలపడం మరిచిపోతారు. అప్పుడు బోర్డు చెప్పేది మోటారుకు అర్థం కాదు. ముల్లు వణుకుతుంది, పిచ్చిగా తిరుగుతుంది. రెండు గ్రౌండులనూ ఒక్క తీగతో కలిపితే చాలు, చాలాసార్లు సర్దుకుంటుంది.

మామూలు దొంగలు

మిగతా తప్పుల్లోనూ ఎక్కువ భాగం పాత నేరస్థులవే. గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని తగ్గుతుంది.

బోర్డు మీద దీపం వెలుగుతోంది, కంప్యూటర్ మాత్రం బోర్డును గుర్తించడం లేదా? ముందు వైరు మార్చండి. ఫోను చార్జింగ్ కోసమే అమ్మే కొన్ని వైర్లలో కరెంటు తీగలే ఉంటాయి, సమాచారం మోసే తీగలుండవు. వైరు మంచిదే అయితే, చౌక బోర్డుల్లో వాడే సీహెచ్340 అనే చిప్‌కు కావాల్సిన డ్రైవరు కంప్యూటర్‌లో ఉందో లేదో చూడాలి.

ఎవరూ ముట్టుకోకుండానే స్విచ్చు నొక్కినట్టు సిమ్యులేటర్ ప్రవర్తిస్తోందా? ఆ పిన్ను గుంజకు కట్టని పడవ. స్విచ్చు తెరిచి ఉన్నప్పుడు పిన్నును ఏదో ఒక ఒడ్డుకు కట్టాలి. లేకపోతే చెయ్యి దగ్గరికి తెచ్చినా ఊగుతుంది. చిప్ లోపలే దానికి తాడు ఉంది. పుల్అప్ అంటారు. ప్రోగ్రాములో ఒక్క మాట మారిస్తే అది బిగుస్తుంది.

ఒక్కసారి నొక్కితే రెండు మూడుసార్లు నొక్కినట్టు లెక్క వస్తోందా? గచ్చు మీద పడ్డ గోళీ ఎగిరెగిరి ఆగినట్టు, స్విచ్చు లోపలి రేకులు కలిసేముందు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగురుతాయి. మన కంటికి కనపడదు గానీ, సెకనుకు కోటీ అరవై లక్షల టిక్కులు కొట్టే మైక్రోకంట్రోలర్‌కు కనపడుతుంది. మొదటి కదలిక తర్వాత 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడమని చెబితే చాలు.

ఇంజిన్ మీట కదపకపోయినా విలువ ఊగుతోందా? మీట కింద ఉండే పొటెన్షియోమీటరు స్థానాన్ని ఆర్డుయినో మెగా 0 నుంచి 1023 వరకు అంకెగా చదువుతుంది. ఒకటి రెండు అంకెలు ఊగడం సహజం. పదులు ఊగితే ముందు గ్రౌండు తీగ చూడండి. తర్వాత లోపలి దుమ్ము. ఒక చిన్న కెపాసిటరు పెడితే కొంత నెమ్మదిస్తుంది.

మోటార్లు కదిలిన ప్రతిసారీ బోర్డు ఆగి మళ్లీ మొదలవుతోందా? మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీఆంపియర్లు. నాలుగు సర్వోలు ఒకేసారి బలం చూపిస్తే అది చాలదు. ఒక బోదె నీటితో నాలుగెకరాలు ఒకేసారి తడపాలనుకోవడం లాంటిదే. మోటార్లకు వేరే అడాప్టరు పెట్టాలి, గ్రౌండు మాత్రం కలపాలి.

ఇవిగాక మన ప్రాంతపు దొంగ ఒకటుంది. ఉప్పుగాలి. సముద్రం పక్కనే ఉన్న నేల. వానాకాలం తేమకు తోడు ఉప్పు చేరితే గుచ్చి వదిలేసిన వైర్ల కొనలు పాచిపడతాయి. కొన్న రోజు పనిచేసిన బోర్డు శ్రావణానికి మొరాయిస్తే ముందు చూడాల్సింది ఆ కొనలనే. గుచ్చిన వైర్లు ప్రయోగానికే. ఖాయం అనుకున్నాక టంకం వేసి, మూత ఉన్న పెట్టెలో పెట్టాలి. పిడుగులు పడేటప్పుడు ప్లగ్గులు తీసేయడం, వైరు మార్చే ప్రతిసారీ ముందు యూఎస్‌బీ పీకడం, అడాప్టరు లోపలి 230 వోల్టుల జోలికి పోకపోవడం... ఈ మూడూ పిల్లలకు పెద్దలు పెట్టాల్సిన షరతులు.

ఒక్కసారికి ఒక్కటే

అన్నిటికంటే పెద్ద దొంగ మాత్రం బోర్డులో ఉండదు. తొందరలో ఉంటుంది. ఒకేసారి వైరూ మార్చి, ప్రోగ్రామూ మార్చి, బోర్డూ మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఫలితం లేకపోతే దాన్ని మళ్లీ పాత చోటనే పెట్టి, అప్పుడు రెండోది చూడాలి. పక్కన ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ పిన్నుకు ఏ రంగు తీగ, ఎప్పుడు ఏం మార్చాం, మీటరు ఎంత చూపింది అన్నీ అందులో ఎక్కాలి. విమానాలు బాగుచేసే ఇంజినీర్లు ప్రతి మార్పునూ రాసి సంతకం పెట్టేదీ ఇందుకే.

ఇంకో మాట. ఇంటి కాక్‌పిట్‌లో ఎన్ని గంటలు ఎగిరినా పైలట్ లైసెన్సు లెక్కలోకి రావు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు నిజమైన విమానంలో 200 గంటలు ఎగరాలి. కాబట్టి పిల్లల్ని ఆ భ్రమలో పెట్టక్కర్లేదు. కానీ తప్పును ఓపికగా వెతికి పట్టుకోవడం వచ్చినవాడు వరికోత మిషను దగ్గరైనా, ఆసుపత్రి యంత్రం దగ్గరైనా పనికొస్తాడు. రేడియోలు బాగుచేసే పాత మెకానిక్కులు చేసిందీ ఇదే. వాళ్లు ఎక్కడిదాకా చప్పుడు వస్తోందో విని, అక్కడి నుంచి వెతికేవాళ్లు.

ఇక మన అబ్బాయి సంగతి. తాత మాట విన్నాక వైర్లన్నీ మొదటి రోజు ఉన్న చోట్లకు తెచ్చాడు. ప్రోగ్రాములో మార్చిన రెండు వరుసలనూ వెనక్కి మార్చాడు. పాత బోర్డే పెట్టాడు. రెండు దీపాలు వెలిగాయి. అంటే, నిన్న రాత్రి ఆర్పింది తనే! ఇప్పుడు మూడోదాని పిన్ను మీద మీటరు పెట్టాడు. అయిదు వోల్టులు. దీపం రెండో కాలి మీద పెట్టాడు. దాదాపు మూడు.

'నీరు వచ్చింది తాతయ్యా, పోవట్లేదు.'

'అయితే మురుక్కాలువ చూసుకో' అన్నాడు తాత, చుట్ట వెలిగించుకుంటూ.

చెక్క వెనక్కి తిప్పి చూస్తే, గ్రౌండు తీగకు వేసిన టంకం పైకి మెరుస్తూనే ఉంది. వేలితో కదిపితే లోపల ఊగుతోంది. వేడి చాలక అతుక్కోని అతుకు. మళ్లీ వేడి చేసి, కొత్త టంకం చుక్క వేసి, చల్లారేదాకా ఆగాడు. మీట లాగాడు.

మూడూ వెలిగాయి. ఖర్చు, ఒక చుక్క టంకం. కొత్త బోర్డు పెట్టెలోనే ఉంది. నాన్న దాన్ని కొట్లో తిరిగి ఇచ్చేయమన్నాడు. 'వద్దులే, ఎత్తు చూపే ముల్లు ఇంకా కట్టాలి' అన్నాడు తాత.